ఇత్తడి పట్టీ

హాలిఫాక్స్‌లో, కొండవాలు మీద మెట్లమెట్లుగా దిగే ఇళ్ళ వరసలో
పద్నాలుగో నంబరు.
గుమ్మంలోనే అడిగాడు విల్ఫ్రెడ్ బారక్లఫ్:
"నజ్మా, ఇంకో యాంప్లిఫయర్ కొన్నా. కలిపి పెడతావా?"

ముందుగదిలో సగం ఆ స్పీకర్లే.
అరవై రెండులో కొన్నవి, బీరువాలంత.
అదరకుండా వెనక చెక్కల మధ్య ఇసుక పోశారు.
జరిపితే ఇప్పటికీ
లోపలెక్కడో సన్నగా రాలుతుంది.

ఇన్నేళ్ళూ ఒక్క వాల్వు యాంప్లిఫయరే
రెండు నోళ్ళకీ అన్నం పెట్టింది. పదిహేను వాట్లు.
ఒకే తీగలో వచ్చినదాన్ని
మైనం పూసిన కెపాసిటర్లూ రాగిచుట్టలూ
చేటలో చెరిగినట్టు చెరిగి
బరువుది వూఫరుకీ, పొల్లులా ఎగిరేది ట్వీటరుకీ పంచేవి.
"మధ్యలో ఈ దళారులెందుకు?" అన్నాడు.
"ఎవరి కూలి వాళ్ళకి నేరుగా ఇచ్చేద్దాం."

నేను వాదించాను.
ఎండిపోయిన కెపాసిటర్లు మారిస్తే చాలు,
ఆ చుట్లు లెక్కపెట్టి చుట్టినవాడు చెవి ఉన్నవాడు,
యాంప్లిఫయర్లు రెండైతే స్వభావాలూ రెండు,
ఒకటి వేడెక్కేలోగా ఇంకోటి మాట్లాడేస్తుంది.
వినలేదు.
నలభై ఏళ్ళు మగ్గాలు సరిచేసిన చేతులవి,
వదులుగా కనపడితే ఊరుకోవు.
(మా నాన్నది రాత్రి షిఫ్టు, ఇతనిది పగలు.
అవే మగ్గాలు. ఒకరినొకరు చూసుకున్నది
గేటు దగ్గర, రోజుకి ఆరు నిమిషాలు.)

పైవాటినీ కిందివాటినీ కలిపే ఇత్తడి పట్టీలు విప్పాను.
మైనం డబ్బాని పక్కకి తప్పించాను.
మూడువేల కంపనాలకి కింద కొత్త ట్రాన్సిస్టర్ యంత్రం,
పైన పాత వాల్వులది.
సాయంత్రానికి టీకప్పులు సాసర్లలో వణికాయి.
డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి
అరిచెయ్యి నేలకి ఆనించి నవ్వాడు.

మరిచిపోయిన మీటరు కోసం పదకొండో రోజు వెళ్ళాను.
మిల్లు బ్యాండు రికార్డు తిరుగుతోంది.
ట్యూబాలు నేల దున్నుతున్నాయి.
అతను కిటికీవైపు కుర్చీ వేసుకుని, మాకు వీపు పెట్టి.
మార్జరీ నావైపు తిరిగింది.
మగ్గాల హోరులో మాట్లాడుకునేవాళ్ళే, అలా,
గొంతు లేకుండా, పెదాలతో మాత్రమే:
"మా ఆర్నాల్డ్ లేడు."

ఆర్నాల్డ్ ఆమె అన్న.
పోయి ఇరవయ్యేళ్ళు. ఆ రికార్డులో మొదటి కార్నెట్.
ఇప్పుడు గొంగళి కప్పుకుని వాయిస్తున్నాడు.
ట్వీటరుకి చెవి ఆనించాను. ఏమీ లేదు.
వాల్వులు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.
పోయింది లోపలి చిన్న ఫ్యూజు.

ఎన్నాళ్ళయింది?
"రెండోరోజు నించీ."
చెప్పలేదేం?
"ఎలా మురిసిపోతున్నాడో చూడు."

బయట చీకటి పడితే
కిటికీ గాజు అద్దమవుతుందని మాకు తట్టలేదు.
పెదాలు చదవడం ఆ మిల్లులో
అతనికీ వచ్చని కూడా.

లేచి ముల్లు ఎత్తాడు.
మగ్గాలు తన చెవుల్లోంచి ఏమేం పట్టుకుపోయాయో అడగలేదు.
"పట్టీలేవి?" అన్నాడు.
బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

కొత్త ఫ్యూజు, నాలుగు కొత్త కెపాసిటర్లు,
మళ్ళీ అదే పదిహేను వాట్లు ఇద్దరికీ.
ఈసారి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.
స్పీకర్ల వంక చూడలేదు.
కార్నెట్ ఎక్కడ అందుకుందో, ఎక్కడ ఊపిరి పీల్చుకుందో
మార్జరీ ముఖం మీద చదువుకున్నాడు.

కొత్త యంత్రం మెట్లకింద ఉంది. కొంటానన్నాను, ఇవ్వలేదు.
గుమ్మందాకా వచ్చి, ఆమెకి వినపడకుండా అన్నాడు:
"బాస్ మాత్రం అప్పుడే బాగుంది."

నిజమే. బాగుంది.